సెమిస్టరు మొదటి వారం, లైబ్రరీ కౌంటరు దగ్గర



కొత్త సెమిస్టరు మొదలైంది. సీటు వచ్చి కాలేజీలో అడుగుపెట్టిన మొదటి సంవత్సరం పిల్లలూ, సెలవులు ముగించుకుని హాస్టళ్లకు తిరిగొచ్చిన సీనియర్లూ, వాళ్లను బస్సెక్కించి ఇంటికి చేరిన అమ్మానాన్నలూ ఈ వేళ ఈ ప్రసంగం వింటుంటారని అనుకుంటున్నాను. చాలాకాలం డిగ్రీ కాలేజీ లైబ్రరీలో పనిచేసినదాన్ని కాబట్టి, ఆ లైబ్రరీ గురించే నాలుగు మాటలు చెబుతాను.

మన కాలేజీల్లో చాలామందికి లైబ్రరీ రెండే సందర్భాల్లో గుర్తొస్తుంది. పరీక్షలు దగ్గరపడ్డప్పుడు ఒకసారి, టీసీ తీసుకునే రోజున నో డ్యూస్ సంతకం కోసం మరోసారి. నన్నడిగితే లైబ్రరీకి రావలసింది సెమిస్టరు మొదటి వారంలో. ఇది పెద్దవాళ్లు చెప్పే నీతిమాటగా తీసుకోకండి. దీని వెనక ఒక లెక్క ఉంది.

యూజీసీ నిబంధనల ప్రకారం ఒక సెమిస్టరుకు 90 బోధన దినాలుండాలి. అంటే 15 నుంచి 18 వారాలు. మీ సెక్షన్లో 60 మంది ఉన్నారనుకోండి. ఒక పేపరుకు మేష్టారు చెప్పిన పుస్తకం లైబ్రరీలో ఐదు కాపీలున్నాయి. ఒక్కొక్కరికి రెండు వారాల గడువుతో ఇస్తారు. అందరూ పరీక్షల ముందే వస్తే ఐదుగురికి దొరుకుతుంది, తక్కిన 55 మంది ఉత్తచేతులతో తిరిగి వెళ్తారు. అదే మొదటి వారం నుంచే తీసుకోవడం మొదలుపెడితే, 16 వారాల్లో ఒక్కో కాపీ ఎనిమిది చేతులు మారుతుంది. 40 మందికి అందుతుంది. రూమ్మేట్లు ఇద్దరు కలిసి చదువుకుంటే క్లాసు మొత్తానికీ సరిపోతుంది. కొత్తగా ఒక్క కాపీ కూడా కొననక్కర్లేదు. ‘మా లైబ్రరీలో పుస్తకాలు ఉండవండీ’ అని ఎవరైనా అన్నప్పుడల్లా నాకు ఈ లెక్కే గుర్తొస్తుంది.

సరే, మొదటి వారంలో వెళ్లారు. ఏం పట్టుకుని వెళ్లాలి? ఐడీ కార్డు, ఫోటో, అడ్మిషన్ రసీదు ఎలాగూ అడుగుతారు. వాటితో పాటు సిలబస్ కాగితం తీసుకెళ్లండి. ప్రతి పేపరు సిలబస్ చివర చదవవలసిన పుస్తకాల పట్టిక ఒకటి ఉంటుంది. చిన్న అక్షరాల్లో రచయిత పేరు, పుస్తకం పేరు, ప్రచురణకర్త పేరు వరసగా ఉంటాయి. యూనిట్లు మాత్రం జిరాక్సు తీయించుకుని ఆ పట్టికను వదిలేస్తారు చాలామంది. నిజానికి ఆ పట్టికే మీకూ లైబ్రేరియన్‌కూ మధ్య ఉమ్మడి భాష. ‘ఫిజిక్స్ పుస్తకం కావాలి మేడమ్’ అని అడిగితే ఆవిడ బీరువా మొత్తం చూపించాల్సి వస్తుంది. పట్టిక చూపించి ‘వీటిలో మన దగ్గర ఏవున్నాయి మేడమ్’ అని అడిగితే కంప్యూటర్లో చూసి రెండు నిమిషాల్లో చెబుతారు. లేని పుస్తకానికి దగ్గరగా ఉన్న మరో పుస్తకం కూడా చెబుతారు, ఎందుకంటే మీకంటే ముందు అదే పేపరు చదివిన వాళ్లకు ఇచ్చిన అనుభవం ఆవిడకుంది.

అడగడం దగ్గరే మన పిల్లల్లో ఎక్కువమంది ఆగిపోతారు. ముఖ్యంగా ఇంట్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కిన వాళ్లు. గుమ్మం దాకా వస్తారు, లోపల నిశ్శబ్దం చూసి, కౌంటర్లో ఎవరో చిరాగ్గా ఉన్నట్టనిపించి వెనక్కి వెళ్లిపోతారు. అలాంటి వాళ్లకు ఈ రేడియో ద్వారా గట్టిగా చెబుతున్నాను. అక్కడ కూర్చున్న మనిషి ఉద్యోగమే మీరు అడిగినదానికి జవాబు చెప్పడం. మీరు కట్టిన ఫీజు రసీదు తీసి చూడండి, చాలా కాలేజీల రసీదుల్లో లైబ్రరీ ఫీజు అని ఒక పద్దు విడిగా ఉంటుంది. అడగడానికి మీకు పూర్తి హక్కుంది.

ఈ హక్కు గురించి మనదేశంలో అందరికంటే లోతుగా ఆలోచించిన మనిషి ఒకరున్నారు. శియాలి రామామృత రంగనాథన్. 1892లో తంజావూరు జిల్లా శియాలిలో పుట్టారు. లెక్కల మేష్టారు, మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో పాఠాలు చెప్పుకునేవారు. 1924 జనవరిలో మద్రాసు విశ్వవిద్యాలయానికి మొట్టమొదటి లైబ్రేరియన్‌గా ఆయన్ను నియమించారు. చేరిన కొద్ది రోజులకే ఆ పని ఆయనకు విసుగెత్తిపోయింది. పెద్ద గది, చుట్టూ పుస్తకాలు, వచ్చే మనిషి లేడు. నిండుగా పిల్లలున్న క్లాసురూముకు అలవాటుపడ్డ మనిషి ఆయన. నేను తిరిగి కాలేజీకే వచ్చేస్తానని ప్రిన్సిపాల్‌ను అడిగారు. ముందు ఇంగ్లండు వెళ్లి గ్రంథాలయ శాస్త్రం చదివి రండి, వచ్చాక కూడా ఇష్టం లేకపోతే చూద్దామన్నారట ఆయన. రంగనాథన్ వెళ్లారు. లండన్ యూనివర్సిటీ కాలేజీలో చదివారు, అక్కడి లైబ్రరీలు తిరిగి తిరిగి చూశారు. కార్ఖానాలో పనిచేసే వాళ్లూ, ఆడవాళ్లూ, చిన్నపిల్లలూ సొంత ఇంట్లో తిరిగినట్టు అల్మారాల మధ్య తిరిగి పుస్తకాలు తీసుకోవడం చూశారు. ఇక లెక్కల క్లాసుకు తిరిగి వెళ్లలేదు.

1931లో ఆయన రాసిన పుస్తకం వెలువడింది. గ్రంథాలయ శాస్త్రానికి ఐదు సూత్రాలు చెప్పే పుస్తకం అది. మొదటి సూత్రం: పుస్తకాలు వాడుకోవడానికే. ఆ మాట ఆయన నోటి నుంచి వచ్చింది కాదు. చాలాకాలంగా మనసులో నలుగుతున్న ఆలోచనను, మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో తనకు లెక్కలు చెప్పిన గురువు ఎడ్వర్డ్ రాస్ దగ్గర వెళ్లబోసుకుంటే, ఆ గురువు ఒక్క ముక్కలో తేల్చి చెప్పారు. ప్రతి పాఠకుడికీ తన పుస్తకం అందాలి, ప్రతి పుస్తకానికీ దాని పాఠకుడు దొరకాలి, పాఠకుడి సమయం వృథా కాకూడదు, గ్రంథాలయం పెరుగుతూ ఉండే జీవి. తక్కిన నాలుగు సూత్రాలివి.

ఆ పుస్తకంలో నాకు బాగా నచ్చేది మొదటి సూత్రం వివరణ. పుస్తకాలు వాడుకోవడానికే అని ఒప్పుకుంటే లైబ్రరీ ఎక్కడ కట్టాలి, ఏ వేళల్లో తెరవాలి, అల్మారా ఎత్తు ఎంత ఉండాలి, బల్లలూ కుర్చీలూ ఎలా ఉండాలి, సిబ్బంది ఎలా ప్రవర్తించాలి అని ఆయన ఒక్కొక్కటిగా విప్పుకుంటూ పోతారు. లెక్కల మేష్టారు కదా, ఒక సూత్రం రాసుకుని దాని ఫలితాలన్నీ వరసగా రాబట్టారు. మన కాలేజీల్లో ఎన్నో చోట్ల పుస్తకాలు అద్దాల బీరువాల్లో తాళం వేసి ఉంటాయి. తాళం చెవి ఉన్న మనిషి సెలవులో ఉంటారు. పుస్తకం పోతే జీతంలో కోత పడుతుందన్న భయంతో బీరువాకు తాళం వేసే లైబ్రేరియన్లను నేను చూశాను, వాళ్ల భయం అబద్ధమేమీ కాదు. కాలేజీ సామాను లెక్కలకు రాసిన పాత నిబంధనల ప్రకారం పుస్తకాన్ని కుర్చీతో, బల్లతో సమానంగా లెక్కగడితే ఇలాగే అవుతుంది. ఆ నిబంధనలు మార్చవలసిన బాధ్యత కాలేజీ యాజమాన్యాల మీదా విశ్వవిద్యాలయాల మీదా ఉంది. చదివి చదివి అట్ట ఊడిన పుస్తకాన్ని నష్టం కింద రాయడం నాకెప్పుడూ అన్యాయంగానే అనిపించింది.

ఇప్పుడు తెరిచి ఉన్న అల్మారా ముందు నిలబడ్డారనుకుందాం. పుస్తకం వీపు మీద, కింద భాగాన ఒక చిన్న చీటీ అతికించి ఉంటుంది. దానిమీద ఒక అంకె, ఆ కింద కొన్ని అక్షరాలు. దాన్ని కాల్ నంబరు అంటారు. అది చదవడం వస్తే మీరు ఏ ఊళ్లో ఏ లైబ్రరీకి వెళ్లినా ఎవరి సాయం లేకుండా తిరగగలరు. మన కాలేజీల్లో ఎక్కువగా వాడేది డ్యూయీ దశాంశ వర్గీకరణ. అమెరికాకు చెందిన మెల్విల్ డ్యూయీ 1876లో ప్రచురించాడు. చదువు మొత్తాన్ని పది భాగాలు చేశాడు. తత్వశాస్త్రం 100, మతం 200, సామాజిక శాస్త్రాలు 300, భాష 400, విజ్ఞానం 500, సాంకేతికం 600, కళలు 700, సాహిత్యం 800, చరిత్ర, భూగోళం 900. వీటిలో ఇమడనివన్నీ సున్నా దగ్గర మొదలవుతాయి.

మీ సబ్జెక్టు అంకె గుర్తుపెట్టుకోండి. లెక్కలు 510, ఫిజిక్స్ 530, కెమిస్ట్రీ 540, బోటనీ 580, జువాలజీ 590. ఎకనమిక్స్ 330, పొలిటికల్ సైన్స్ 320. బీకాం వాళ్లకు అకౌంటెన్సీ 657, మేనేజిమెంట్ 658. భారతదేశ చరిత్ర 954. మన తెలుగు సాహిత్యం 894.827, తెలుగు భాష, వ్యాకరణం 494.827. కంప్యూటర్ పుస్తకాలు మాత్రం మొట్టమొదట్లో, 004 నుంచి 006 మధ్య ఉంటాయి. 1876లో కంప్యూటర్ లేదు కదా. తర్వాత వచ్చిన ఆ విద్యకు ఖాళీగా ఉన్న చోట సీటు వేశారు.

ఇక్కడే ఒక చిక్కుంది. ఇది తెలియక చాలామంది పుస్తకం లేదనుకుని వెళ్లిపోతారు. ఒకే విషయం రెండు మూడు అల్మారాల్లో చెదిరి ఉంటుంది. కరెంటు గురించి భౌతికశాస్త్రం చెప్పేది 537లో ఉంటే, మోటార్లూ ట్రాన్స్‌ఫార్మర్లూ 621.3లో ఉంటాయి. వ్యవసాయం 630లో ఉంటుంది, వ్యవసాయ ఆర్థిక పరిస్థితి గురించిన పుస్తకాలు 338 దగ్గర, ఎకనమిక్స్ పక్కన కూర్చుంటాయి. స్టాటిస్టిక్స్ 519.5, అంటే లెక్కల అల్మారా చివర. అందుకే మొదట కేటలాగులో వెతకాలి. ఇప్పుడు చాలా కాలేజీల్లో కేటలాగు కంప్యూటర్లోకి వచ్చింది. ఓపాక్ అంటారు. కోహా, ఇన్‌ఫ్లిబ్‌నెట్ వారి సోల్, ఎన్‌ఐసీ వారి ఈ-గ్రంథాలయ అనే సాఫ్ట్‌వేర్లలో ఏదో ఒకటి నడుస్తుంటుంది. రచయిత ఇంటిపేరుతో వెతకండి, పుస్తకం పేరులో ఒక్క మాటతో వెతకండి. పుస్తకం ఎవరి దగ్గరో ఉంటే గడువు తేదీ కూడా కనిపిస్తుంది. రిజర్వ్ చేయమని చెప్పి పేరు రాయించుకోండి, తిరిగి రాగానే మీకే ఇస్తారు.

ఇంకో చిన్న సంగతి. అల్మారా దగ్గరికి వెళ్లినప్పుడు కావలసిన పుస్తకం తీసుకుని వచ్చేయకండి. అటు నాలుగు, ఇటు నాలుగు పుస్తకాల వీపులు చదవండి. ఒకే విషయం మీద రాసినవన్నీ పక్కపక్కనే పెట్టడానికే ఇంత తంటాలు పడి అంకెలు వేశారు. మీ మేష్టారు చెప్పిన పుస్తకం అర్థం కాకపోతే, దాని పక్కనున్న పుస్తకంలో అదే పాఠం మీ బుర్రకెక్కే తీరులో ఉండవచ్చు.

గైడ్ల మాట కూడా చెప్పాలి. ఆల్ ఇన్ వన్, క్వశ్చన్ బ్యాంకు, ఇంపార్టెంట్ క్వశ్చన్స్ పుస్తకాలు కొని చదివే పిల్లల మీద నాకు కోపం లేదు. వాటిలో జవాబు ఉంటుంది. ఆ జవాబు ఎలా వచ్చిందో ఉండదు. ఒక సూత్రం ఏ షరతుల్లో పనిచేస్తుందో, ఎక్కడ పనిచేయదో పాఠ్యగ్రంథం చెబుతుంది. రేపు పీజీ ఎంట్రన్స్‌లో అడిగేది సరిగ్గా ఆ షరతుల గురించే. పాఠ్యగ్రంథం లావుగా ఉందని భయపడకండి. మొత్తం చదవమని ఎవరూ అడగరు. వెనక అక్షరక్రమంలో విషయసూచిక ఉంటుంది, మీ సిలబస్‌లోని మాట అందులో పట్టుకుని ఆ పేజీకి వెళ్లండి. పదిహేను పేజీలు చదివితే ఒక యూనిట్ అయిపోయిన సందర్భాలు బోలెడు. పాత ఎడిషన్ అయినా చాలాసార్లు పరవాలేదు. థర్మోడైనమిక్స్‌కూ, కాల్క్యులస్‌కూ పదేళ్ల కిందటి పుస్తకం చక్కగా సరిపోతుంది. ఇన్‌కం టాక్స్‌కూ, కంపెనీ చట్టానికీ, జీఎస్టీకీ మాత్రం కొత్త ఎడిషనే చూడాలి. ప్రచురణ సంవత్సరం మొదటి పేజీ వెనక ఉంటుంది.

తెలుగు మీడియంలో చదువుకుని వచ్చిన పిల్లలతో కాసేపు విడిగా మాట్లాడతాను. ఆంధ్రప్రదేశ్‌లో 2021-22 నుంచి డిగ్రీ కాలేజీల్లో ఇంగ్లీషు మీడియం మాత్రమే ఉంటుందని ప్రభుత్వం నిర్ణయించింది. తెలంగాణలోనూ ఇంగ్లీషు మీడియం వైపు మళ్లిన పిల్లలు చాలామంది. ఇంటర్ దాకా తెలుగులో చదివి, ఒక్కసారిగా ఆరువందల పేజీల ఇంగ్లీషు పుస్తకం చేతికొస్తే గుండె జారుతుంది. వాళ్లకోసం లైబ్రరీలో ఒక మూల పాత తెలుగు అకాడమీ పుస్తకాలుంటాయి. 1968లో ఏర్పడిన అకాడమీ అది, పీవీ నరసింహారావు గారు దానికి తొలి అధ్యక్షులు. డిగ్రీ స్థాయి శాస్త్రాలు తెలుగులో చదువుకోవాలన్న పట్టుదలతో ఎందరో అధ్యాపకులు కూర్చుని రాసిన పుస్తకాలవి. సిలబస్ మారిందని వాటిని పక్కన పెట్టేస్తున్నారు. కానీ కణవిభజన మారలేదు, రసాయన బంధం మారలేదు, డిమాండు సూత్రం మారలేదు. నేను చెప్పే పద్ధతి ఇది. ముందు తెలుగు పుస్తకంలో పాఠం చదివి విషయం పట్టుకోండి. అదే రోజు ఇంగ్లీషు పుస్తకంలో అదే పాఠం చదవండి. విషయం అప్పటికే తెలుసు కాబట్టి ఇంగ్లీషు వాక్యం దానంతటదే విడిపోతుంది. అకాడమీ పారిభాషిక పదకోశాలు రిఫరెన్సు విభాగంలో ఉంటాయి, అవి పక్కన పెట్టుకోండి. ఈ పద్ధతిలో చదివిన పిల్లలు రెండో సెమిస్టరు నాటికి తెలుగు పుస్తకం తిరిగి ఇచ్చేసి, ఇంగ్లీషు పుస్తకం ఒక్కటే తీసుకెళ్లడం నా కళ్లతో చూశాను. లైబ్రేరియన్లు వింటుంటే వాళ్లకు ఒక విన్నపం. సిలబస్ మారిందని ఆ పుస్తకాలను తూకానికి వేయకండి.

రిఫరెన్సు విభాగం పుస్తకాలు ఇంటికివ్వరు, అక్కడే చదువుకోవాలి. పాత ప్రశ్నపత్రాలు, సీనియర్ల ప్రాజెక్టు రిపోర్టులు, బైండు చేసిన పత్రికలు కూడా అక్కడే. బుక్ బ్యాంకు ఉన్న కాలేజీలో సెమిస్టరు మొత్తానికి సెట్టు ఇస్తారు, కానీ దరఖాస్తు గడువు మొదటి రెండు మూడు వారాల్లోనే అయిపోతుంది. ఆర్థికంగా ఇబ్బంది ఉన్న కుటుంబాల పిల్లలు ఈ వారమే అడిగి తెలుసుకోండి.

ఇక గోడలు లేని లైబ్రరీ. ఫోను చేతిలో ఉంది కదా, అన్నీ అందులోనే దొరుకుతాయని చాలామంది అనుకుంటారు. పరిశోధన పత్రాలూ, మంచి పాఠ్యగ్రంథాలూ చాలావరకు డబ్బు కడితే తప్ప తెరుచుకోవు. ఆ డబ్బు మీ తరఫున ఇప్పటికే ఎవరో కట్టారు. ఇందాక సోల్ సాఫ్ట్‌వేర్ దగ్గర చెప్పిన ఇన్‌ఫ్లిబ్‌నెట్, గాంధీనగర్‌లో ఉన్న యూజీసీ సంస్థ. అది ఎన్-లిస్ట్ అనే పథకం నడుపుతోంది. సభ్యత్వం తీసుకున్న డిగ్రీ కాలేజీ విద్యార్థులకు వేల సంఖ్యలో జర్నళ్లు, లక్షకు మించిన ఈ-పుస్తకాలు దీని ద్వారా అందుతాయి. అందుకు ప్రభుత్వ, ఎయిడెడ్ కాలేజీలు కట్టేది ఏడాదికి కొద్ది వేల రూపాయలే. ఒక్కో విద్యార్థికీ విడిగా యూజర్ ఐడీ ఇస్తారు, దాంతో హాస్టల్లోనో, ఊళ్లో ఇంటి అరుగు మీదో కూర్చుని చదువుకోవచ్చు. అయితే ఆ ఐడీ దానంతటది మీ దగ్గరికి రాదు. మీ పేరు, ఈమెయిల్ లైబ్రేరియన్‌కు ఇస్తే ఆవిడ నమోదు చేస్తారు. కాలేజీ సభ్యత్వం కట్టి, పిల్లలెవరూ అడగక, ఐడీలు పంచక, అలా ఏళ్లకేళ్లు ఖాళీగా ఉండిపోయిన చోట్లు ఉన్నాయని తెలిసి నాకు నిజంగా బాధేసింది.

అంతకంటే పెద్దది 2025 జనవరిలో మొదలైంది. వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ అని పేరు. 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించింది. మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు కేటాయించారు. 30 అంతర్జాతీయ ప్రచురణ సంస్థల నుంచి సుమారు 13,000 జర్నళ్లు, దేశంలో 6,300కు పైగా ప్రభుత్వ విద్యాసంస్థలకూ పరిశోధన సంస్థలకూ ఒకే చందాతో అందుతాయి. దాదాపు 1.8 కోట్ల మంది విద్యార్థులు, అధ్యాపకులు, పరిశోధకులు దీని పరిధిలోకి వస్తారని అంచనా. ఆదిలాబాద్‌లోనో శ్రీకాకుళంలోనో ప్రభుత్వ కాలేజీలో ఎమ్మెస్సీ చదివే అమ్మాయి, ఐఐటీలో పరిశోధన చేసే మనిషి చదివే పత్రాన్నే అదే రోజు చదవగలదు. నేను ఉద్యోగంలో చేరిన కాలంలో ఇలాంటిది ఊహించడానికి కూడా వీలుండేది కాదు. ఒక జర్నల్ వ్యాసం కావాలంటే పెద్ద విశ్వవిద్యాలయానికి ఉత్తరం రాసి, జిరాక్సు కాగితాల కోసం ఎదురుచూసేవాళ్లం. మీది ప్రభుత్వ కాలేజీ అయితే ఈ పథకంలో నమోదైందా లేదా అని ఈ వారమే అడగండి. నమోదు కాకపోతే ప్రిన్సిపాల్ గారికి ఒక కాగితం రాసివ్వండి, మీ సంతకాలతో.

ఎవరి అనుమతీ అక్కర్లేనివి కూడా ఉన్నాయి. ఐఐటీ ఖరగ్‌పూర్ నడిపే జాతీయ డిజిటల్ లైబ్రరీలో ఎవరైనా ఉచితంగా నమోదు చేసుకోవచ్చు. మన విశ్వవిద్యాలయాల పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలు శోధగంగ అనే వెబ్‌సైటులో లక్షల సంఖ్యలో ఉన్నాయి. ప్రాజెక్టు రాసే ప్రతి విద్యార్థీ అది ఒకసారి తెరవాలి, నకలు చేయడానికి కాదు, ఒక విషయాన్ని ఎలా పట్టుకుని నడిపించారో చూడడానికి. తెలుగు వాళ్ల సిద్ధాంత గ్రంథాలు అందులో బోలెడున్నాయి.

జిరాక్సు గురించి తరచుగా ఒక సందేహం అడుగుతారు. పుస్తకంలో పాఠం జిరాక్సు తీయించుకోవడం తప్పా అని. ఈ విషయం మీద మనదేశంలో ఒక ముఖ్యమైన కేసు నడిచింది. ఢిల్లీ విశ్వవిద్యాలయం ఆవరణలో రామేశ్వరి ఫోటోకాపీ సర్వీస్ అనే చిన్న దుకాణం, అధ్యాపకులు చెప్పిన పాఠాలను వేర్వేరు పుస్తకాల నుంచి తీసి కోర్స్ ప్యాకులుగా కట్టి ఇచ్చేది. 2012లో మూడు పెద్ద ప్రచురణ సంస్థలు కోర్టుకెళ్లాయి. 2016 సెప్టెంబరు 16న ఢిల్లీ హైకోర్టు ఆ దావా కొట్టేసింది. బోధనలో భాగంగా అవసరమైన మేరకు నకలు తీసుకోవడానికి కాపీరైటు చట్టం 52వ సెక్షన్ వీలు కల్పిస్తోందని చెప్పింది. అదే ఏడాది డిసెంబరులో ధర్మాసనం కూడా ఆ సెక్షన్ అర్థాన్ని విద్యార్థులకు అనుకూలంగానే చూసింది. కాబట్టి చదువు కోసం కావలసిన పాఠం నకలు తీసుకోండి. పుస్తకం మొత్తం నకలు తీసి అమ్ముకోవడం వేరే సంగతి, దానికి ఆ తీర్పు అండగా రాదు.

చూపు లేని విద్యార్థులూ, అచ్చు చదవలేని ఇబ్బంది ఉన్నవాళ్లూ మీ క్లాసులో ఉంటే, సుగమ్య పుస్తకాలయ్ గురించి వాళ్లకు చెప్పండి. 2016లో మొదలైన ఆన్‌లైన్ లైబ్రరీ అది. వినడానికి, బ్రెయిలీలో చదవడానికి వీలైన రూపాల్లో, తెలుగుతో సహా భారతీయ భాషల్లో పుస్తకాలు ఉన్నాయి. అచ్చు పుస్తకాన్ని వాళ్లకు అందే రూపంలోకి మార్చడానికి 2012లో మన కాపీరైటు చట్టాన్నే సవరించారు. లైబ్రరీకి ర్యాంపు లేకపోతే, మెట్లెక్కలేని విద్యార్థులు మెట్ల దగ్గరికే పుస్తకం తెచ్చి ఇవ్వమని అడగడం కూడా హక్కే.

కాలేజీ లైబ్రరీ సాయంత్రం నాలుగున్నరకే మూసేస్తే ఏం చేయాలి? జిల్లా కేంద్ర గ్రంథాలయానికి వెళ్లండి. మీ ఇంటి పన్నులో ప్రతి రూపాయికీ ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సు కింద మీ కుటుంబం కడుతోంది. ఆ డబ్బుతో నడిచే లైబ్రరీ అది. హైదరాబాద్ చిక్కడపల్లిలో నగర కేంద్ర గ్రంథాలయం చూడండి, పోటీ పరీక్షలకు చదివే పిల్లలతో కిటకిటలాడుతుంది. పుస్తకం కోసం ఇలా ఒకచోట చేరడం తెలుగు నేలకు కొత్త కాదు. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం పెట్టిన వాళ్లూ, 1918లో వేటపాలెంలో సారస్వత నికేతనం పెట్టిన యువకులూ ఏ ప్రభుత్వమూ అడగకుండానే ఆ పని చేశారు. సారస్వత నికేతనంలో వందేళ్ల నాటి తెలుగు పత్రికలు ఇప్పటికీ భద్రంగా ఉన్నాయి. చరిత్ర, తెలుగు, జర్నలిజం చదివే పిల్లలు డిగ్రీ పూర్తయ్యేలోగా ఒకసారి వెళ్లి రావలసిన చోటు అది.

అధ్యాపకులకు ఒక్క మాట. టైంటేబుల్లో లైబ్రరీ పీరియడ్ అని ఉంటుంది. దాన్ని సిలబస్ పూర్తిచేయడానికి వాడుకోకండి. ఆ గంటలో పిల్లల్ని వెంటబెట్టుకుని అల్మారా ముందుకు తీసుకెళ్లండి, మీరు చదివిన పుస్తకం తీసి చూపించండి. మేష్టారు తాను చదివిన పుస్తకం చేతిలో పట్టుకుని చెప్పింది పిల్లలు మరిచిపోరు. లైబ్రేరియన్ పోస్టు ఖాళీగా ఉండి, ఏదో ఒక డిపార్ట్‌మెంటుకు అదనపు బాధ్యతగా అప్పగించిన కాలేజీలు చాలా ఉన్నాయి. ఆ పోస్టుల భర్తీ గురించి విద్యార్థి సంఘాలు ఎందుకు గట్టిగా మాట్లాడవో నాకు అర్థం కాదు.

చివరిగా ఒక రిజిస్టరు సంగతి. కౌంటరు దగ్గర, ఒక్కోసారి సొరుగులో, కావలసిన పుస్తకాల రిజిస్టరు ఉంటుంది. మీరు వెతికి దొరకని పుస్తకం పేరు, రచయిత, ప్రచురణకర్త, వీలైతే వెనక అట్ట మీద ఉండే 13 అంకెల ఐఎస్‌బీఎన్ నంబరు అందులో రాయండి. పక్కన మీ పేరు, రోల్ నంబరు రాయండి. మీ మేష్టారితో సంతకం పెట్టించండి. కొత్త పుస్తకాలు కొనేటప్పుడు లైబ్రరీ కమిటీ ముందు ఆ రిజిస్టరు పెడతారు. డిపార్ట్‌మెంటు నుంచి జాబితా రాకపోతే పుస్తకాలమ్మే ఏజెంటు తెచ్చిన జాబితా లోంచే కొనేస్తారు, అలా వచ్చిన పుస్తకాలు ఎవరూ తెరవకుండానే పాతబడతాయి. రిజిస్టర్లో ఒకే పుస్తకానికి పదిమంది పేర్లుంటే కమిటీ కాదనడం కష్టం. పుస్తకం వచ్చేసరికి మీ సెమిస్టరు అయిపోవచ్చు. మీ జూనియర్లకు అందుతుంది. మీకంటే ముందు ఎవరో రాసిన పుస్తకాలే ఇప్పుడు మీరు తీసుకెళ్తున్నారు. రేపు కాలేజీకి వెళ్లగానే ఆ రిజిస్టరు ఎక్కడుందో అడగండి. లేదంటే, ఒకటి పెట్టమని అడగండి.